కొత్త సంఘంలో కానుకల లెక్క

నేను చూసినంతలో ముప్పై నలభై మందితో మొదలైన చిన్న క్రైస్తవ సంఘాలు బోధ దగ్గర కన్నా డబ్బు దగ్గరే ఎక్కువ చీలిపోతున్నాయి. పాస్టరుగారు తినేశారని కాదు. షెడ్డు అద్దె, కరెంటు బిల్లు, ఇంటి సరుకులు అన్నీ ఆయన ఫోన్‌పే నుంచే పోతుంటాయి. కొన్నాళ్లకు ఏది సంఘానిదో ఏది ఇంటిదో ఆయనకే తెలియదు.

ఆరాధన చివర ఆశీర్వచనం అవ్వగానే, కానుకల సంచి మందిరం దాటకముందే లెక్కపెట్టాలి. ఇద్దరుండాలి, ఇద్దరిలో ఎవరూ పాస్టరుగారి ఇంటివాళ్లు కాకూడదు. ఐదొందల నోట్లు ఎన్ని, వందలు ఎన్ని, చిల్లర ఎంత అని పుస్తకంలో రాసి అక్కడే సంతకాలు పెట్టాలి. దశమభాగం (రాబడిలో పదో వంతు) కవర్లు విడిగా రాయండి, ఖాళీ కవరు కూడా పారేయకండి. పల్లెల్లో అమ్మలు తెచ్చే గుప్పెడు బియ్యమూ కానుకే. తూకం వేసి, వేలంపాటలో పలికిన ధర అదే పుస్తకంలో ఎక్కించాలి. అందరూ మరిచిపోయేది ఇదే, ఇచ్చిన తల్లికి మాత్రం గుర్తుంటుంది.

బ్యాంకు ఖాతా సంఘం పేరునే, ఇద్దరి సంతకాలతో తెరవాలి. అందుకు రిజిస్ట్రేషన్, పాన్ కావాలి. మన రాష్ట్రాల్లో 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. విదేశీ సంస్థలు డబ్బు పంపుతామంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా తీసుకోవద్దు, పాస్టరుగారి సొంత ఖాతాలోకి అసలే వద్దు.

బైబిల్లో 2 కొరింథీ 8వ అధ్యాయం చదవండి. చందా కోసం అపొస్తలుడు పౌలు తన తోటి సేవకుడు తీతుతో పాటు మరో ఇద్దరు సహోదరులను పంపాడు. అంతటి అపొస్తలుడే ఆ డబ్బు ఒక్కడే చూసుకోలేదు. నెలాఖరు ఆదివారం జమ, ఖర్చు, నిల్వ మూడూ సంఘం ముందు పైకి చదవండి, అడగాలనుకున్నవాళ్లను అడగనివ్వండి.