బోరుకొచ్చిన ఎంజీబీ ఇంజిన్‌: విప్పి, కొలిచి, మళ్లీ కట్టిన వరస

వేడెక్కాక 3,000 ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ప్రెజరు 30 పౌండ్లు దాటడం లేదు. ఐడ్లింగులో ముల్లు 5 దగ్గర వణుకుతోంది. ఉండాల్సింది నడకలో 50 నుంచి 80, ఐడ్లింగులో 10 నుంచి 25. కంప్రెషన్ చూస్తే వరసగా 150, 145, 110, 140. మూడో సిలిండర్లో ప్లగ్గు రంధ్రం గుండా ఓ చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 110 కాస్తా 140కి లేచింది. అంటే తప్పు వాల్వులది కాదు, పిస్టన్ రింగులదీ బోరుదీ (పిస్టన్ ఆడే సిలిండరు రంధ్రం). మన మెకానిక్కుల మాటలో బండి బోరుకొచ్చింది.

ఇది 1965 నాటి ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఐదు మెయిన్ బేరింగుల 18జీబీ ఇంజిన్, 1,798 సీసీ. అంబాసిడర్ విప్పిన చేతులకు ఇది పరాయిది కాదు. ఆ 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీసే. స్ట్రోకు రెండింటికీ 88.9 మిల్లీమీటర్లు, బోరు అక్కడ 73, ఇక్కడ 80.26. పిస్టన్లు, క్రాంకు మాత్రం ఒకదానివి ఇంకోదానికి ఎక్కవు.

పని మొదలెట్టే ముందు పానాలు చూసుకోవాలి. ఈ బండి బోల్టులు దాదాపు అన్నీ అంగుళాల కొలతవి. 13 నంబరు మెట్రిక్ పానా అరంగుళం తలకు పట్టినట్టే పట్టి, గట్టిగా లాగేసరికి అంచులు కొరికేస్తుంది.

గేర్‌బాక్సుతో కలిపి ఇంజిన్ పైకి తీసి స్టాండుకు ఎక్కించాను. హెడ్డు విప్పేటప్పుడు ఓ మెలిక ఉంది. హెడ్డుకు 11 నట్లు. రాకర్ షాఫ్టు దిమ్మెలను పట్టుకునే స్టడ్లలో నాలుగు హెడ్డువే. టాపెట్లు చూద్దామని ఆ నాలుగే వదులు చేస్తే హెడ్డు వంగి నీళ్లు సిలిండర్లలోకి, ఆయిల్ చాంబర్లోకి దిగొచ్చు. ముందు నీళ్లు తీసేయాలి, తర్వాత నట్లన్నీ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ పోవాలి. కామ్‌షాఫ్టు (వాల్వులను తెరిపించే షాఫ్టు) లాగే ముందు డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ గేరు తీయాలి. దాని నడుమ 5/16 అంగుళం యూఎన్‌ఎఫ్ (సన్న) మర ఉంటుంది. అదే సైజు పొడుగు బోల్టు బిగించి, తిప్పుతూ పైకి లాగితే వచ్చేస్తుంది.

కొలవకుండా ఒక్క సామాను కూడా ఆర్డర్ పెట్టలేదు. మూడో బోరులో పైనా కిందా తేడా 9 థౌ (అంగుళంలో వెయ్యో వంతే థౌ, లేత్ షాపుల్లో అందరూ అనే మాటే). అరుగుదలంతా ఒక వైపే ఉంది కాబట్టి బోరు 20 థౌ పెద్దది చేసినా ఆ మచ్చ పోదని మెషినిస్టు తేల్చాడు. 30కి వెళ్లాం. దాంతో ఇంజిన్ 1,833 సీసీ అయింది. పిస్టన్లు ముందు చేతికొచ్చాకే, ఒక్కోదాన్నీ కొలిచి దానికి తగ్గట్టే బోరు చేయించాలి. పిస్టన్‌కు వదలాల్సిన సందు కంపెనీని బట్టి మారుతుంది.

క్రాంకు దగ్గరే అసలు గుట్టు తెలిసింది. రాడ్ జర్నళ్లు (క్రాంకు మీద పిస్టన్ రాడ్లు పట్టే చోట్లు) రెండున్నర థౌ కోలగా అరిగాయి. కొత్త బేరింగులు మాత్రమే వేసి ఊరుకుంటే కొన్నాళ్లకే ప్రెజరు మళ్లీ పడేది. 10 థౌ గ్రైండ్ చేయిస్తే అన్నీ గుండ్రంగా వచ్చాయి. ఆయిల్ ప్రెజరు హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనక వాషరు వేసి ప్రెజరు పెంచే చిట్కా చాలామంది చెబుతారు. ఆ వాషరు పెంచేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పటి పైహద్దును మాత్రమే. బేరింగు సందుల్లోంచి కారిపోయే ఆయిల్‌ను అదేం ఆపదు.

ఎక్కువ రోజులు పట్టింది కడగడానికే. షాపు నుంచి బ్లాకు తళతళలాడుతూ వచ్చింది గానీ, ఆయిల్ దారుల ఇత్తడి బిరడాలు కదిపిన జాడ లేదు. డ్రిల్ చేసి తీసి సన్నటి సీసా బ్రష్షు దూర్చితే నల్లటి మడ్డీ, దాంట్లో గ్రైండింగు ఇసుక. క్రాంకు లోపలి రంధ్రాల్లోనూ అదే. అది అలాగే ఉంటే ఇంజిన్ తిరిగిన మొదటి నిమిషంలోనే కొత్త బేరింగు మీద పడేది. హోనింగు చేసిన (రాయితో సన్న గీతలు పెట్టిన) బోరును కిరోసిన్‌తో కడిగితే గీతల్లోని పొడి కదలదు. వేణ్ణీళ్లూ సబ్బూ వేసి తోమాలి. తెల్లగుడ్డతో తుడిస్తే మరక అంటనంత వరకూ తోమాలి, నాకు ఐదోసారికి తెల్లగా వచ్చింది. ఆరిన వెంటనే ఆయిల్ రాయకపోతే కళ్లముందే తుప్పు లేస్తుంది.

కట్టేటప్పుడు మొదట క్రాంకు. మెయిన్ క్యాపుల నట్ల బిగింపు 70 ఫుట్ పౌండ్లు. ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే ప్లాస్టిక్ పోగు) పెట్టి చూస్తే సందు ఒకటిన్నర నుంచి రెండు థౌ మధ్య వచ్చింది. నడిమి బేరింగుకు అటూ ఇటూ అర్ధచంద్రాకారపు థ్రస్టు వాషర్లు నాలుగు ముక్కలుంటాయి. గాడులున్న ముఖం క్రాంకు వైపే ఉండాలి. తిరగేసి వేస్తే ఆయిల్ అందక, క్లచ్ తొక్కిన ప్రతిసారీ అరుగుతాయి. క్రాంకు ముందుకీ వెనక్కీ 4 నుంచి 5 థౌ కదలాలి.

రింగులు డబ్బాలోంచి తీసి నేరుగా పిస్టన్‌కు ఎక్కించొద్దు. ఒక్కోదాన్నీ బోరులోకి దింపి, పిస్టన్ తలతో తిన్నగా నెట్టి, ఫీలర్ గేజుతో సందు చూడాలి. నాకొచ్చిన సెట్టులో రెండింటికి 8 థౌ మాత్రమే ఉంది. వేడికి కొనలు రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటే రింగు విరుగుతుంది, బోరు గీరుకుపోతుంది. సన్న ఆకురాయితో రుద్ది 13కి తెచ్చాను. 18జీబీలో రాడ్డు పెద్ద కన్ను (క్రాంకును పట్టే చివర) ఏటవాలుగా కోసి ఉంటుంది, బోరులోంచి పైకి రావడానికి. రాడ్డు మీదా క్యాపు మీదా నంబర్లు ఒకే వైపు కలవాలి. బోల్టులు 35 నుంచి 40 ఫుట్ పౌండ్లు.

కామ్‌షాఫ్టు కొత్తదైతే టాపెట్లూ కొత్తవే వేయాలి. పాత టాపెట్ అడుగు పాత కామ్ రూపానికి అరిగి ఉంటుంది. టైమింగ్ చైను చక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా రావాలి. రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో ఇనుప స్కేలు ఆనించి చూసి, తేడా ఉంటే క్రాంకు చక్రం వెనక షిమ్ములు వేయాలి. ఆయిల్ త్రోయర్ (ఆయిల్‌ను సీలుకు దూరంగా విసిరే పళ్లెం) మీద ఎఫ్ అక్షరం ముందుకు కనపడాలి.

నా పొరపాటు టైమింగ్ కవర్ దగ్గరే. బోల్టులు ముందు బిగించేసి తర్వాత పుల్లీ దూర్చాను. సీలు నడుమకు రాలేదు, వారం తిరక్కుండానే కారడం మొదలైంది. రేడియేటర్ తీసి మళ్లీ చేయాల్సొచ్చింది. పుల్లీని సీల్లోకి దూర్చి, కవరు దానంతటది సర్దుకున్నాకే బోల్టులు బిగించాలి.

హెడ్డుకు ఎగ్జాస్ట్ వైపు గట్టి వాల్వు సీట్లు వేయించాను. సీసం కలిపిన పెట్రోలు బ్రిటన్ బంకుల్లో 1999 చివరితో ఆగింది. అప్పటిదాకా ఆ సీసమే మెత్తటి పోత ఇనుప సీటును కాపాడేది. హెడ్డు దించే ముందు స్టడ్ల చుట్టూ బ్లాకు ఉబ్బిందేమో వేలితో తడిమి చూడాలి. ఉబ్బితే రంధ్రం అంచు కొద్దిగా చెక్కాలి, లేకపోతే గాస్కెట్ అక్కడ కూర్చోదు. నట్లు నడుమనుంచి బయటికి, మూడు విడతల్లో 45 నుంచి 50 ఫుట్ పౌండ్ల దాకా. టాపెట్ల సందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 15 థౌ. రెండు వాల్వుల నంబర్లు కలిపితే తొమ్మిది రావాలి: 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వదాని సందు సర్దాలి, 6వది తెరుచుకుంటే 3వదానిది.

డిస్ట్రిబ్యూటర్ గేరును దించాల్సింది మొదటి సిలిండరు కంప్రెషన్లో పైకొచ్చినప్పుడు. గేరు తల మీది గాడి అడ్డంగా ఉన్న గీతకు కాస్త కిందుగా, గాడికి అటూ ఇటూ ఉన్న సగాల్లో పెద్దది పైకి ఉండేలా పట్టి దించితే, పళ్లు కలిసేసరికి గాడి తిరిగి గడియారంలో ఒంటిగంట దిక్కుకు ఆగుతుంది. వేరే చోట ఆగితే తీసి మళ్లీ దించడమే.

ఆయిల్ పంపులో ముందే వాజ్‌లైన్ కూరాను, మొదటి తిప్పుకే ఆయిల్ పీల్చుకోవాలని. 20డబ్ల్యూ50 ఆయిల్ సుమారు నాలుగుంపావు లీటర్లు పోసి, ప్లగ్గులు తీసేసి సెల్ఫు కొడుతూ పోతే పాతిక సెకన్లకు ముల్లు లేచింది. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించింది. స్టార్ట్ అయిన వెంటనే ఐడ్లింగులో వదలకూడదు. 2,000 నుంచి 2,500 మధ్య ఇరవై నిమిషాలు నడపాలి, కామ్‌కూ టాపెట్లకూ ఆయిల్ చిందేది ఆ వేగంలోనే. అందుకే స్టార్టింగుకు ముందే కార్బొరేటర్లలో పెట్రోలు, రేడియేటర్లో నీళ్లు, ఇగ్నిషన్ టైమింగు సరిగా ఉండాలి. అరగంట సెల్ఫు కొట్టి పట్టించిన ఇంజిన్లో, కట్టేటప్పుడు కామ్ మీద పూసిన పేస్టు అప్పటికే తుడుచుకుపోయి ఉంటుంది.

ఇప్పుడు వేడి మీద 3,000 దగ్గర 62, ఐడ్లింగులో 20. 500 మైళ్లకు ఆయిల్ మార్చి, హెడ్డు నట్లు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ బిగిస్తే రెండు నట్లు పావు మలుపు తిరిగాయి. హెడ్డు దిగింది కాబట్టి టాపెట్లు మళ్లీ సరిచూశాను. పక్కన టాపెట్ మూత దగ్గర మాత్రం ఇంకా చెమ్మ కనిపిస్తోంది. ఆ మూత నడిమి బోల్టు అతిగా బిగిస్తే రేకు వంగి ఇంకా కారుతుంది. కొత్త కార్కు ప్యాకింగు వచ్చేదాకా అలాగే వదిలేశాను.