సముద్రం కంటే కిందున్న ఊళ్లో కాపురం

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. వశిష్ఠకీ వైనతేయకీ మధ్యనున్న నాగరం లంక. మా ఆయనకి నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవులో పని పడి ఏడాదికని కాపురం అక్కడికి మార్చాం. చలి తగ్గాక అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చి, వీసా ఇచ్చే తొంభై రోజులూ వాడుకుని మరీ వెళ్లారు. ఆ ఊరిని నేను సరిగ్గా చూసింది వాళ్లొచ్చాకే. అంతకు ముందంతా వాన, చీకటి, పాప బడి. డిసెంబరులో పొద్దున్న ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగున్నరకల్లా మళ్లీ దీపాలు.

ఊరు నేననుకున్న యూరప్‌లా లేదు. 1940 మే 14న జర్మన్ల బాంబుల్లో ఊరి నడిబొడ్డు మొత్తం కాలిపోయింది కాబట్టి పాత కట్టడాలు తక్కువ, గాజు మేడలు ఎక్కువ. మా ఇల్లు మాత్రం పాతదే, రెండో అంతస్తు. మెట్లు నిటారుగా, పాదం సగమే పట్టేంత సన్నంగా ఉంటాయి. బీరువాలూ మంచాలూ ఆ మెట్ల మీద పట్టవు, కిటికీలోంచి ఎక్కించాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు మొదటిరోజు పైకొచ్చి కూర్చుని, "అమ్మాయ్, ఇంక నన్ను దింపాలంటే విమానం టిక్కెట్టు ఉండాలి" అనేశారు.

ఆ మాట నిలబడింది నెల మొదటి సోమవారం దాకానే. మధ్యాహ్నం పన్నెండు గంటలకి దేశమంతా ప్రమాద హెచ్చరిక సైరన్లు మోగించి పరీక్షించుకుంటారు. ఆవిడకి చెబుదామనుకునే లోపే అది మోగింది. నేను బజార్లో ఉన్నాను. వచ్చేసరికి పొయ్యి కట్టేసి, పాస్‌పోర్టుల సంచీ చంకన పెట్టుకుని కింద వాకిట్లో ఉన్నారావిడ. పక్కన కింది వాటా ముసలావిడ చేతి గడియారం చూపిస్తూ నవ్వుతోంది. "తొంభై ఆరు తుఫానుకి మాకెవరూ ఏదీ మోగించలేదే తల్లీ" అంటూ అత్తయ్యగారు ఆవిడకి తెలుగులోనే చెప్పుకుపోతున్నారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది, భాష లేకుండానే.

కూరగాయల బెంగ కూడా ఇట్టే తీరింది. వెస్ట్ క్రౌస్కడే వీధిలో సూరినాం వాళ్ల కొట్లున్నాయి. దక్షిణ అమెరికాలోని సూరినాం ఒకప్పుడు డచ్చివాళ్ల వలస రాజ్యం. 1873లో లల్లా రూఖ్ అనే ఓడ కలకత్తా నుంచి కూలీలని అక్కడికి మోసుకెళ్లింది. తర్వాత నలభై ఏళ్లకి పైగా అలాంటి ఓడలు వెళ్తూనే ఉన్నాయి. 1975లో ఆ దేశానికి స్వతంత్రం వచ్చే రోజుల్లో వాళ్ల మనవలు, మునిమనవలు చాలామంది నెదర్లాండ్స్ వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల కొట్లో కాకరకాయ, బెండకాయ, మూరెడు పొడుగున్న బొబ్బరికాయలు, అన్నీ దొరుకుతాయి. కొట్టావిడ మాట భోజ్‌పురికి దగ్గర. అత్తయ్యగారికి హిందీయే రాదు. అయినా కొబ్బరికాయ దగ్గర బేరం జరిగింది. ఒకటి తీసి చెవి దగ్గర ఆడించారు, గోటితో పీచు గీరారు, మూడు కళ్లూ బొటనవేలితో నొక్కి చూసి తిరిగి బుట్టలో పెట్టేశారు. ఇంకోటి తీశారు, అదీ అంతే. చివరికి కొట్టావిడే లోపలికెళ్లి ఏరి ఒకటి తెచ్చింది. దాని ధర రూపాయల్లో లెక్కకట్టి చెప్పాక, ఇంటి వెనక కాయలమ్మితే దింపు ఖర్చులకే చాలడం లేదని దారంతా ఒకటే గొణుగుడు.

ఇక మావయ్యగారు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పి.గన్నవరం అక్విడక్టు మీదుగా మా లంకకొచ్చే నీళ్లు ఏ తూములోంచి ఏ బోదెలోకి పోతాయో ఆయనకి నోటికొచ్చు. మేమున్న వీధి సముద్రమట్టం కంటే కిందుందని మనవరాలు చెప్పిన రాత్రి ఆయన సరిగ్గా నిద్రపోలేదు. మర్నాటి నుంచి ఊళ్లో ఏ వంతెన ఎక్కినా ముందు నీటిమట్టం కొలిచే బద్ద ఎక్కడుందో వెతికేవారు. దేశంలో అన్నిటికంటే పల్లపు చోటు, సముద్రానికి ఆరున్నర మీటర్లకి పైగా లోతున, మా ఊరికి కూతవేటు దూరంలోనే ఉందని తెలిశాక అదీ చూడాల్సిందేనన్నారు. చూశాం. పచ్చగడ్డి, ఆవులు, పక్కన పెద్ద రోడ్డు. అంతే.

ఒకరోజు పోస్టులో నీటి బోర్డు నుంచి బిల్లొచ్చింది. మావయ్యగారు ఫోన్‌లో తర్జుమా పెట్టుకుని చదివి, "మనకిక్కడ సెంటు భూమి లేదు కదా, నీటి తీరువా ఎందుకేశాడు?" అన్నారు. అద్దెకున్నా సరే, ఆ ఊళ్లో ఇల్లంటూ ఉంటే కట్టాల్సిందే. గట్లకీ కాలవలకీ ఒక పద్దు, మురుగునీరు శుభ్రం చేసినందుకు ఇంకో పద్దు. ఆ బోర్డుకి నాలుగేళ్లకోసారి ఎన్నికలు కూడా జరుగుతాయి. మా ప్రాంతానిది 1273 నుంచి ఉంది. మన దగ్గర ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న రోజులవి. మనకీ 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు, ప్రెసిడెంట్లనీ ఎన్నుకున్నారు. ఆ ముక్క అంటే మావయ్యగారు "ఆయ్, పెట్టారు" అని ఊరుకున్నారు. ఆయన ఊరుకున్నారంటే చెప్పాల్సింది చాలా ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అది బయటికొచ్చింది కిండర్‌డైక్‌లో. రోటర్‌డామ్ నుంచి పడవ మీద వెళ్లొచ్చు. చాలావరకు 1740 ప్రాంతంలో కట్టిన గాలిమరలు పంతొమ్మిది, కాలవకి అటూ ఇటూ. పల్లంలో చేరిన నీటిని ఎత్తి పై కాలవలో పోయడం వాటి పని, అక్కణ్ణుంచి నదిలోకి. అందరూ మరల ముందు ఫోటోలు దిగుతుంటే ఈయన ఇప్పటి పంపింగ్ స్టేషన్ దగ్గర, మర తిరిగినట్టు తిరుగుతూ నీటిని పైకి లాగే ఇనప స్క్రూలని చూస్తూ నిలబడిపోయారు. గైడుని క్యూసెక్కులు అడిగారు. ఆ అబ్బాయి ఘనపు మీటర్లలో చెప్పాడు. ముప్పై అయిదు పెట్టి హెచ్చవేసుకుని తలూపారు. కాలవ పొడుగునా నడిచి, "గుర్రపుడెక్క ఏదమ్మా?" అని నన్నడిగారు. లేదు. తన పొలం పక్కనున్న కాలవ ఎవరిది వాళ్లే ఏటా బాగుచేసుకోవాలి, బోర్డు వాళ్లొచ్చి తనిఖీ చేస్తారు, చేయకపోతే ఊరుకోరు అని గైడు చెప్పాడు. 

అప్పుడు మొదలుపెట్టారు. "వీళ్ల నేల ఏటా కుంగుతోంది. పంపు ఆపితే మునుగుతారు. మనకి దేవుడు సముద్రం వైపు వాలు ఇచ్చాడు. కాటన్ దొర 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చిపెట్టాడు. వచ్చిన నీళ్లు పోవడానికున్న డ్రెయిన్లు పూడ్చుకున్నది మనం." 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి క్రాప్ హాలిడే అన్నప్పుడు చెప్పిన కారణాల్లో ఈ ముంపూ ఒకటి. నాకైతే ఆయన మాటలో సగమే సబబు. డ్రెయిన్లు పూడిక తీసే నిధులు, మనుషులు లేకుండా రైతునొక్కణ్ణే అంటే ఎలా? అన్నాను కూడా. తిరుగు పడవలో వాదన సాగింది, మా ఆయన హాయిగా కునుకు తీశారు.

మాస్లాంట్ అడ్డుగేట్లు కూడా చూశాం, 1997లో పెట్టినవి. ఒక్కో రెక్క పొడవు 210 మీటర్లు. 1953 ఫిబ్రవరి 1 ఉప్పెనలో ఆ దేశంలో 1,836 మంది పోయాక మొదలెట్టిన పనుల్లో అది ఆఖరిది. తుఫాను పోటు వస్తే రెండు రెక్కలూ నదికి అడ్డంగా మూసుకుంటాయి. మావయ్యగారు అక్కడ ఎక్కువ మాట్లాడలేదు. కింది వాటా ముసలావిడతో మాత్రం ఫోన్ తర్జుమాతో చాలాసేపు కబుర్లు చెప్పారు: మీవాళ్లు మూడు నాలుగు వందల ఏళ్ల కిందటే మా నరసాపురంలో, పాలకొల్లులో వ్యాపారం చేశారు, పాలకొల్లులో సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల ఒడ్డే మీవాళ్ల ఓడలు ఆగిన నరసాపురం అని. ఆవిడ ఆ ఊళ్ల పేర్లు ఎప్పుడూ వినలేదు. కాగితం మీద రాయించుకుంది.

వాళ్ల ప్రయాణానికి ముందే పాప ఈత పరీక్ష పడింది. ఆ దేశంలో ఎటు చూసినా నీళ్లే గనక దాదాపు పిల్లలందరికీ ఈత నేర్పించి సర్టిఫికెట్ ఇస్తారు. మొదటి మెట్టు ఏ డిప్లొమా. చొక్కా, లాగు, బూట్లతో నీళ్లలోకి దూకాలి. ఈత దుస్తుల్లోనే ఇంకో విడత ఈత, అందులో నీటి కింద వేలాడదీసిన గుడ్డకున్న కన్నంలోంచి దూరి రావాలి. పిల్లని బూట్లతో నీళ్లలోకి దింపడం చూసి అత్తయ్యగారు, "ఇదేం చోద్యం!" అన్నారు. "కాలవలో పడేవాడు బట్టలు విప్పుకుని పడతాడా?" అన్నారు మావయ్యగారు. పాప కన్నంలోంచి దూరి పైకి తేలేదాకా ఆయనా ఊపిరి బిగబట్టే ఉన్నారు.

ఏడాది కాగానే మేమూ వచ్చేశాం. రాగానే పాప అడిగింది, తాతయ్యా, మన కాలవలో దూకనా అని. ఆయన ఈత నేర్చుకున్నది ఆ కాలవలోనే. ఇప్పుడక్కడ రేవు మెట్ల దాకా గుర్రపుడెక్క, దాని మీద ప్లాస్టిక్ కవర్లు. అందుకని ఆదివారం ఆదివారం పాపని బండి మీద ఎక్కించుకుని అమలాపురం తీసుకెళ్తున్నారు, గంటకింతని కట్టి స్విమ్మింగ్ పూల్‌లో ఈత కొట్టించడానికి.