సెలీన్ చేసిన టచింగ్

ఫోటో స్టూడియోలో చాలా ఏళ్ళు నెగటివ్‌ల మీద పెన్సిల్ టచింగ్, అంటే ముఖంలో మచ్చలూ నీడలూ దిద్దే పని, చేసినవాణ్ణి. ఎవరి ఫోటో చూసినా నా చూపు ముందు కళ్ళకింద నీడల మీదికే పోతుంది. అందుకేనేమో కతోలికులు పునీతురాలిగా కొలిచే ఫ్రెంచ్ సన్యాసిని చిన్న తెరెజమ్మ పటాలు నాకు నచ్చేవి కావు. చేతినిండా గులాబీలు, మైనపు బొమ్మలా నున్నటి బుగ్గలు. టచింగ్ మరీ ఎక్కువైంది అనిపించేది. నిజంగానే ఎక్కువైంది. చేసింది పరాయివాళ్ళు కాదు, తెరెజ సొంత అక్క సెలీన్.

1894లో ఫ్రాన్స్‌లోని లిసియు కార్మెల్ మఠంలో చేరుతూ సెలీన్ కెమెరా వెంట తెచ్చుకుంది. అప్పటికే ఆమె తోబుట్టువులు ముగ్గురు అక్కడ సన్యాసినులు. లోపలివాళ్ళు గడప దాటి బయటికి రాని మఠం అది. కెమెరా లోపలికి వెళ్ళబట్టే, 24 ఏళ్ళకే పోయిన తెరెజ ఫోటోలు మనకు ఇన్ని మిగిలాయి.

వాటిలో నన్ను పట్టుకున్నది 1897 జూన్ 7న తీసినది. మఠం ఆవరణలో, ఆరుబయట, తెరెజ మోకాళ్ళ మీద ఉంది. చేతుల్లో రెండు బొమ్మలు: బాలయేసు, యేసు దివ్యముఖం. సన్యాసినిగా ఆమె పేరులో ఉన్నవీ ఆ రెండే. అప్పటికి క్షయ బాగా ముదిరింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లోనే మొదటిసారి నెత్తురు పడింది. ఈ ఫోటో తీసిన నాలుగు నెలల లోపే, సెప్టెంబర్ 30న, పోయింది.

ఆ రోజుల్లో కెమెరాలో పెట్టేవి గాజు ప్లేట్లు. నీలం రంగుకు ఇట్టే స్పందిస్తాయి, ఎరుపుకు దాదాపు స్పందించవు. కార్మెల్ వాళ్ళ గోధుమరంగు అంగీ కాస్తా నల్లగా పడుతుంది. జ్వరంతో బుగ్గ ఎర్రబడితే అది మచ్చలా, చీకటిగా వస్తుంది. పైగా కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి. నవ్వు అంతసేపు నిలవదు, బిగుసుకుపోతుంది. ఆ ప్లేటు కడిగి చూసుకున్న అక్కకు ‘ఇది మా చెల్లెలు కాదు’ అనిపించిందంటే నాకేం వింతగా లేదు. ఆమె బొమ్మలు వేసే మనిషి కూడా. ఫోటోలు దిద్దింది, వాటిని చూసి కొత్తగా బొమ్మలు గీసింది. 1925లో తెరెజను పునీతురాలిగా ప్రకటించినప్పుడు లోకానికి బాగా తెలిసిన ముఖం ఆ దిద్దినదే. దిద్దని ఫోటోలు పుస్తకంగా వచ్చింది 1961లో, సెలీన్ పోయిన రెండేళ్ళకు.

ఆమెను తప్పుపట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళెవరూ మా టేబుల్ దగ్గర కూర్చుని ఉండరు. పోయినవాళ్ళ ఫోటో పెద్దది చేయించుకోడానికి వచ్చేవాళ్ళు గొంతు తగ్గించి ఒకటే అడిగేవారు: “జబ్బు కనబడనీయకండి సార్.”

అయినా దిద్దని ప్రింటే గొప్పది. పటాల్లో ఎక్కడా కనబడని చుబుకం ఇందులో ఉంది, వెడల్పుగా, గట్టిగా. పెదాలు బిగించి ఉన్నాయి. పూలబుట్ట పట్టుకునే అమ్మాయిలా లేదు, మొండి మనిషిలా ఉంది. ఈ ఫోటోలను లిసియు కార్మెల్ వాళ్ళు తమ ఆర్కైవ్ సైట్‌లో పెట్టారు. పెద్దది చేసి చూడండి. ఈ నెగటివ్ నా చేతికొస్తే పెన్సిల్ పెట్టేవాణ్ణి కాదు. నా చెల్లెలిదైతే మాత్రం పెట్టేవాణ్ణేమో.