చూపు లేదనుకున్న కుక్కపిల్ల

మా కుక్క నాలుగు పిల్లలను ఈని నేటికి 17 రోజులు. కాన్పు సాఫీగానే జరిగింది. రోజూ తూకం వేసి నోటుపుస్తకంలో రాశాను. పదో రోజుకల్లా అన్నీ పుట్టినప్పటి బరువుకు రెట్టింపయ్యాయి. ఆ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

బోల్తా పడింది కళ్ల దగ్గర. 12వ రోజున ఒక పిల్లకు ముక్కువైపు మూలన రెప్ప సన్నగా చీలి, లోపల తడి మెరిసింది. నల్లపిల్ల 14వ రోజున తెరిచింది. పొగ కమ్మినట్టున్న నీలం కళ్లు. ముఖం ముందు చెయ్యి ఊపాను, వేలు కంటిదాకా తెచ్చాను. రెప్ప ఆడితే ఒట్టు! గుడ్డిదని తీర్మానించుకుని, ఈ ఉదయం తల్లిని, పిల్లలన్నిటినీ వేసుకుని పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన టార్చి వేశారు. కనుపాప నింపాదిగా ముడుచుకుంది. "వెలుతురు తెలుస్తోందిగా! చెయ్యి ఊపితే రెప్ప వేయడం పుట్టుకతో రాదండీ, కొన్ని వారాలకు అలవడుతుంది. కంటి వెనకుండే రెటీనా పొర తయారవడానికే ఆరేడు వారాలు పడుతుంది" అన్నారు. వరుసలో కూర్చున్నవాళ్లు నవ్వారు. అక్కడితో అయిపోయినా బాగుండేది.

"మరి దీని సంగతి?" అంటూ గోధుమరంగు పిల్లను ఎత్తారు. దాని ఎడమ రెప్ప ఇంకా మూసుకునే ఉంది, కింద శనగగింజంత ఉబ్బు. గోరువెచ్చని నీటిలో తడిపిన దూది అద్ది మెల్లగా ఒత్తితే మూల నుంచి పసుపురంగు చీము కారింది. రెప్ప వెనకే నిలవ ఉంటే కంటినే తినేస్తుందట. నా పుస్తకం తీసుకుని అందరికీ వినబడేలా చదివారు: "గోధుమరంగుది, ఎడమ కన్ను ఆలస్యం, మందకొడి పిల్ల." నాలుగు రోజులుగా నేను రాసుకున్నదే.

కళ్లు తెరుచుకోకపోతే వేళ్లతో విడదీయమని సలహా ఇచ్చిన బంధువు ఒకరున్నారు. ఆ మాట వినకండి; లోపల కన్ను పక్వానికి రాకముందే తెరిస్తే దెబ్బతింటుంది. కానీ రెప్ప ఉబ్బితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. పాత మలాములు పూయకండి, డాక్టరు ఇచ్చిందే వాడండి. ఆయన మాట దురుసే, చెయ్యి మాత్రం మెత్తన.

సాయంత్రం మళ్లీ దూదితో తుడిచాను. ఈసారి చీము కొద్దిగానే వచ్చింది. పుస్తకంలో "మందకొడి" కొట్టేసి, బరువుల పక్కన కళ్లకు ఇంకో గడి గీశాను.