ప్రోటాన్ ద్రవ్యరాశి: గీత చక్కగా కుదిరిందని నమ్మేయొద్దు

ప్రోటాన్ ద్రవ్యరాశి 938.27 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల ద్రవ్యరాశిని కొలిచే ప్రమాణం). అందులోని రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు కలిపినా సుమారు 9 ఎంఈవీయే. మిగతాదంతా క్వార్కులను పట్టి ఉంచే గ్లూయాన్ క్షేత్రం, క్వార్కుల కదలికల శక్తి. కాగితం మీద తేలే లెక్క కాదిది. స్థలకాలాన్ని గళ్లుగా కోసి లెక్కకట్టే లాటిస్ దారిని 1974లో కెన్నెత్ విల్సన్ చూపించాడు.

లాటిస్ నుంచి ఎంఈవీలు రావు, ఉత్త అంకె వస్తుంది: ద్రవ్యరాశిని గడి పొడవుతో గుణించిన విలువ. గడి 0.09 ఫెర్మీలైతే (ఒక ఫెర్మీ అంటే 10^-15 మీటరు) ప్రోటాన్‌కు 0.43 దగ్గర వస్తుంది. గడి పొడవు తేల్చడానికి మూడు స్ట్రేంజ్ క్వార్కుల ఒమేగా బేరియాన్ లాంటి తెలిసిన ద్రవ్యరాశిని, అంటే 1672 ఎంఈవీని, వాడేసుకోవాలి. అలా వాడినదాన్ని మళ్లీ మన ఫలితంగా చూపకూడదు. గడి పొడవులో 1 శాతం తప్పుంటే ప్రోటాన్‌లో 9 ఎంఈవీ తప్పు.

గళ్లన్నీ కలిసిన పెట్టె చిన్నదైతే దాని గోడలు జవాబును పాడుచేస్తాయి. అందుకే పెట్టె పొడవు, పయాన్ (క్వార్కులతో అయిన కణాల్లో అన్నిటికంటే తేలికైనది, 135 ఎంఈవీ) ద్రవ్యరాశుల లబ్ధం 4 దగ్గరైనా ఉండాలి. అసలు పయాన్‌తో చేస్తే ఇది 5.8 ఫెర్మీల పెట్టె, ఒక్కో దిశలో 64 గళ్లు.

ఇక కోరిలేటర్, అంటే ప్రోటాన్‌ను ఒక కాలబిందువులో పుట్టించి మరో కాలబిందువులో తీసేస్తే వచ్చే సిగ్నల్. కాలం గడిచేకొద్దీ అది ద్రవ్యరాశిని బట్టి ఘాతీయంగా తగ్గుతుంది. పక్కపక్క కాలబిందువుల నిష్పత్తికి లాగరిథం తీస్తే ఎఫెక్టివ్ మాస్ వస్తుంది. మొదట్లో ఉత్తేజిత స్థితులు దాన్ని పైకి లాగుతాయి, పోనుపోను దిగి చదునవుతుంది. చిక్కేమిటంటే, చదునయ్యే చోటే నాయిస్ ముంచేస్తుంది. కాలదిశలో ఒక ఫెర్మీ ముందుకు వెళ్తే (లాటిస్‌లో కాలాన్నీ పొడవుగానే కొలుస్తారు) సిగ్నల్ నాయిస్‌తో పోల్చితే దాదాపు 40 రెట్లు పడిపోతుంది. అదే కచ్చితత్వం కావాలంటే 1600 రెట్లు కాన్ఫిగరేషన్లు (గ్లూయాన్ క్షేత్రపు యాదృచ్ఛిక నమూనాలు) కావాలి. అందుకే నాలుగు బిందువులు వరుసలో కనబడగానే ప్లాటో, అంటే చదును వచ్చేసింది అనేస్తారు. వాటి నాయిస్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటుంది, నాలుగూ కలిసే పక్కకు జరగొచ్చు. ఈ ముడిని కొలిచే కోవేరియన్స్‌తో సహా, ప్రోటాన్‌తో పాటు ఒక ఉత్తేజిత స్థితినీ కలిపి రెండు స్థితుల ఫిట్ చేసి, మొదలుపెట్టే కాలాన్ని జరుపుతూ చూడండి. జవాబు కదిలితే అది ప్లాటో కాదు.

అసలు పయాన్ దగ్గర లెక్క ఖరీదైనది. కాబట్టి క్వార్కు ద్రవ్యరాశిని పెంచి బరువైన పయాన్లతో చేసి, కైరల్ ఎఫెక్టివ్ ఫీల్డ్ థియరీ (పయాన్ ద్రవ్యరాశి మారితే ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలా మారుతుందో చెప్పే సిద్ధాంతం) సూత్రం పట్టుకుని అసలు విలువకు దిగుతారు. అందులో మొదట పయాన్ ద్రవ్యరాశి వర్గం వస్తుంది, తర్వాత ఘనం. ఘనపు పదం గుణకం ముందే తెలుసు: ప్రోటాన్‌తో పయాన్ ముడి ఎంత గట్టిదో చెప్పే యాక్సియల్ చార్జ్ 1.27, పయాన్ క్షయ స్థిరాంకం 92 ఎంఈవీ పెడితే చాలు. ఆ పదం పయాన్ ద్రవ్యరాశి 135 దగ్గర మైనస్ 14 ఎంఈవీ, 300 దగ్గర మైనస్ 150, 500 దగ్గర మైనస్ 700! దిద్దుబాటు అసలుకే ఎసరు పెట్టే చోట సూత్రాన్ని ఎలా నమ్ముతాం?

ఇంకా విచిత్రం, లాటిస్ బిందువులు ‘800 ఎంఈవీ ప్లస్ పయాన్ ద్రవ్యరాశి’ అనే సరళరేఖ మీద పడతాయి. 135 పెడితే 935, చూడ ముచ్చటగా! కానీ క్వార్కు ద్రవ్యరాశికి అనుపాతంలో ఉండేది పయాన్ ద్రవ్యరాశి వర్గం. సరళరేఖ అంటే క్వార్కు ద్రవ్యరాశికి వర్గమూలం, ఆ పదం సిద్ధాంతంలో లేనే లేదు. పెద్దపెద్ద పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల కుదిరిన గీత అది. ఫిట్ ఎంత కుదిరిందో కొలిచే కై స్క్వేర్ ఎంత బాగున్నా ఈ సంగతి చెప్పదు.

అందుకే 300 పైని బిందువులను తీసేసి ఫిట్ మళ్లీ చేయాలి, వీలైతే 135 దగ్గరే లెక్కించాలి. అప్పుడు కూడా ఎఫెక్టివ్ థియరీకి పని ఉంటుంది, పెట్టె గోడల ప్రభావం తీసేయడానికి. విద్యుదయస్కాంతాన్ని చేర్చితే ఈ ప్రభావం ఘాతీయంగా తగ్గదు, పెట్టె పొడవుకు విలోమంగా నెమ్మదిగా తగ్గుతుంది. 2015లో న్యూట్రాన్, ప్రోటాన్ తేడాను 1.51 ఎంఈవీగా, 0.28 అటూఇటూగా లెక్కించినప్పుడు ఆ పదాలను ముందే తీసేయాల్సి వచ్చింది. కొలిచిన విలువ 1.293.