కదిలితేనే మోకాలికి తిండి

గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువగా చూసేది నడివయసు ఆడవాళ్ళ మోకాళ్ళనే. మిర్చి తొడిమలు తీస్తూ రోజంతా నేలమీద కూర్చునేవాళ్ళు కూడా వస్తుంటారు. "గుజ్జు అరిగిపోయిందంట మేడమ్, నడిస్తే ఇంకా అరిగిపోద్దంట" అని ఎక్స్‌రే కవరు నా చేతికిస్తారు. ఆ భయంతో అప్పటికే నడక మానేసి ఉంటారు. నాకు బాధ కలిగించేది అదే.

అసలు మామూలు ఎక్స్‌రేలో గుజ్జు కనిపించదు. తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య ఖాళీ ఎంతుందో చూసి, అది ఎంత మిగిలిందో అంచనా వేస్తారు. ఎముకల చివర్లకు అంటుకుని ఉండే కొద్ది మిల్లీమీటర్ల నున్నటి తెల్లటి పొర అది. అందులో ఎక్కువ భాగం నీరే. కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల వలలో ఆ నీరు నిలిచి ఉంటుంది. రక్తనాళాలు ఉండవు. మరి దానికి తిండి ఎలా అందుతుంది? కీలు లోపలి పలచటి పొర ఊరించే జిగురు ద్రవం నుంచే. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఆ ద్రవం చెంచాడు కూడా ఉండదు. అడుగు వేసినప్పుడు బరువు పడి గుజ్జులోంచి నీరు బయటికొస్తుంది, కాలు ఎత్తగానే పోషకాలతో లోపలికి ఇంకుతుంది. తడిగుడ్డను పిండి మళ్ళీ నీళ్ళలో వదిలినట్టు. నెలల తరబడి బరువు మోపని కాలిలో ఈ పొర పలచబడుతుంది.

గుజ్జులో నరాలు కూడా లేవు. నొప్పి దాని కింది ఎముక నుంచో, కీలు లోపలి పొర వాచో, చుట్టూ ఎముకల్ని కలిపి కట్టి ఉంచే లిగమెంట్ల నుంచో వస్తుంది. అందుకే ఒకేలాంటి ఎక్స్‌రే ఉన్న ఇద్దరిలో ఒకరు మెట్లెక్కలేరు, ఇంకొకరు పొలం పని చేసుకుంటుంటారు.

మోకాలి చిప్ప తొడ ముందు కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులోనే ఇమిడి ఉంటుంది. ఆ కండరం బలహీనపడితే కీలుకు ఆసరా తగ్గుతుంది. కాబట్టి ముందు దానికి పని చెబుతాను. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టి వదలాలి. పూటకు పదిసార్లు చాలు. నొప్పి పెరగనంత మేర చదును నేల మీద నడవాలి. తొడిమలు తీసేవాళ్ళకు మాత్రం ఎత్తు పీట తెచ్చుకోమని, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయమని గట్టిగా చెబుతాను. గొంతుకూర్చున్నప్పుడు చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది.

మోకాలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, జ్వరం వచ్చినా, వంగకుండా చాపకుండా బిగుసుకుపోయినా ఇవేవీ చేయకండి. అదే రోజు డాక్టర్‌కి చూపించండి.