ఈ చౌరస్తా ఎవరిది? – నా అనుభవం

మా బావమరిది బండి గుంతలో పడ్డ చౌరస్తా తమదేనని మున్సిపాలిటీ ఎట్టకేలకు కాగితం మీద ఒప్పుకుంది. అదీ ఆర్టీఐ (సమాచార హక్కు) మొదటి అప్పీలు వేశాకే. ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నా, చల్లబడితే సగం మర్చిపోతా.

సంగతి చిన్నదే. నీళ్ల పైపు కోసం చౌరస్తాకు అడ్డంగా రోడ్డు తవ్వి, మట్టి పోసి వదిలేశారు. రాత్రి మలుపు తిరుగుతూ మా బావమరిది బండి అందులో పడింది. ఎదుటి బండి ఏదీ లేదు. కాలు విరిగింది. ఆసుపత్రిలో ఎం.ఎల్.సి. (మెడికో లీగల్ కేసు) నమోదు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు ఇబ్బంది లేకుండా వచ్చాయి.

పోలీస్ స్టేషన్‌లో మాత్రం కాస్త కాపలా కాయాలి. ఎదుటి బండి లేకపోతే "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి తనంతట తానే పడ్డాడు" అని రాయడం వాళ్లకు అలవాటు. భారతీయ న్యాయ సంహిత 281 కింద అలా కేసు కట్టారంటే కాలు విరిగినవాడే ముద్దాయి. అందుకే ఫిర్యాదు మన చేత్తో మనమే రాసివ్వాలి. గుంత ఎక్కడుంది, ఎంత లోతు, బారికేడ్ ఉందా, వీధి లైటు వెలుగుతోందా అన్నీ అందులో ఉండాలి. స్పాట్ పంచనామాలోనూ రఫ్ స్కెచ్‌లోనూ గుంత కనబడాలి. స్కెచ్‌లో గుంత లేకపోతే రేపు కోర్టులోనూ ఉండదు.

ఫొటోలకు ఆలస్యం చేయొద్దు. ప్రమాదం జరిగిందని తెలియగానే ఎవరో వచ్చి గుంత పూడ్చేస్తారు, అంత చురుకుదనం ముందు ఉంటే ఈ గొడవే లేదు. మాకు దొరికినవి పనికొచ్చాయి: రెండడుగుల వెడల్పు కోత, జానెడు లోతు, ఒకవైపు తారు అంచు మెట్టులా నిలబడి ఉంది. టేపు పెట్టి కొలత కనబడేలా తీయాలి. దగ్గర్లోని కరెంటు స్తంభం నంబరు కూడా ఫ్రేములో పడాలి, లేకపోతే "అది వేరే చోటు" అంటారు. కోత కుంగడానికి కారణం మామూలే. మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టకుండా ఒకేసారి నింపేస్తే మొదటి వానకే నీళ్లు దిగి కూర్చుంటుంది. ఫోన్ ఫొటో కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఒరిజినల్ ఫైల్ చెరిపేయకండి. వాట్సాప్‌లో పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది.

ఇక అసలు నరకం: ఆ రోడ్డు ఎవరిది?

మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) "అది ఆర్ అండ్ బీ రోడ్డండీ" అన్నారు. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లేమో "పట్టణం లోపలి భాగం ఎప్పుడో మున్సిపాలిటీకి అప్పగించాం" అన్నారు. అప్పగించిన కాగితం అడిగితే మౌనం. పైపు వేసినవాళ్లు "పునరుద్ధరణ చార్జీలు కట్టేశాం, తారు వేయాల్సింది వాళ్లు" అని చెయ్యి దులుపుకున్నారు. ఒక ఇంజనీరు గారైతే కుర్చీలోంచి లేవకుండానే "రోజూ ఇంతమంది పోతున్నారు, మీవాడే ఎందుకు పడ్డాడు?" అన్నారు. పక్కన నిల్చున్న కాంట్రాక్టరు నవ్వాడు. ఇన్‌వర్డ్ సెక్షన్‌లో మా అర్జీకి ముద్ర కూడా వేయలేదు, పెద్దసారు చూడాలట. ముద్ర వేయమని బతిమాలకండి. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు వచ్చే రుజువే మీ ముద్ర.

ముడి విప్పింది ఆర్టీఐ. అయితే "ఈ చౌరస్తా ఎవరిది?" అని అడగకూడదు. ప్రశ్నలకు జవాబు చెప్పే పని మాది కాదని తప్పించుకుంటారు. కాగితాలు అడగాలి: రోడ్ల రిజిస్టర్‌లో ఆ రోడ్డు పేజీ, రోడ్డు కోతకు ఇచ్చిన అనుమతి పత్రం, పునరుద్ధరణ చార్జీల చలానా, ఆఖరిసారి తారు వేసిన పని తాలూకు వర్క్ ఆర్డరూ ఎం బుక్ (పని కొలతల పుస్తకం) పేజీలూ, డిఫెక్ట్ లయబిలిటీ (పని చెడితే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు) ఎప్పటిదాకా ఉందో తెలిపే షరతు, ప్రమాదానికి ముందు ఆరు నెలల ఫిర్యాదుల రిజిస్టర్. అదే దరఖాస్తు మూడు ఆఫీసులకూ ఒకే రోజు పంపండి. గడువు 30 రోజులు, దాటితే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. కోతకు అనుమతి ఎవరిచ్చారో రోడ్డు వాళ్లదే. తమది కాని రోడ్డును తవ్వుకోమని ఏ ఆఫీసు సంతకం పెడుతుంది?

ఆ కట్టలో అన్నిటికన్నా విలువైనది ఫిర్యాదుల రిజిస్టర్. అదే గుంత గురించి ప్రమాదానికి ముందే ఎవరో ఫిర్యాదు చేశారు, పక్కన ఏఈ సంతకం కూడా ఉంది. "మీవాడే ఎందుకు పడ్డాడు" అన్నదానికి జవాబు వాళ్ల రిజిస్టర్‌లోనే దొరికింది! కేసంతా ఆఫీసుకు ముందే తెలుసా లేదా అన్న దాని చుట్టూ తిరుగుతుంది. ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కూలిన కేసులో కట్టడం తనదే కాబట్టి మున్సిపల్ కార్పొరేషన్‌దే బాధ్యత అని 1966లో సుప్రీంకోర్టు అంది. రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు విరిగిపడి ఒకాయన చనిపోయిన కేసులో అది పడుతుందని ముందే ఊహించలేరంటూ 1997లో అదే కోర్టు కార్పొరేషన్‌ను వదిలేసింది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198-ఏ కూడా రోడ్డు పాడైన సంగతి అధికారులకు తెలుసా, తెలిసి ఉండాల్సిందా, హెచ్చరిక బోర్డు పెట్టారా అనే చూడమంటుంది. అందులో జరిమానా లక్ష రూపాయల దాకా, కానీ అది మోటారు వాహనాల ప్రమాద నిధికి పోతుంది, బాధితుడి చేతికి రాదు.

పరిహారానికి ఎదుటి బండి ఉంటే ఆరు నెలల్లోగా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. మాలాంటి వాళ్లకు సివిల్ దావాయే దారి. గుంత సంగతి ఆఫీసే ఒప్పుకుంటే హైకోర్టులో రిట్ ఆలోచించొచ్చు, వివాదం ఉంటే మళ్లీ సివిల్ కోర్టుకే పొమ్మంటారు. "మూడేళ్ల టైముంది" అని తేలిగ్గా చెప్పే వకీళ్లను నమ్మకండి. చట్టం ప్రకారం చేయాల్సిన పని చేయలేదని వేసే దావాకు లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ కింద ఏడాదే అని అవతలివాళ్లు అడ్డం తిరుగుతారు. దావాకు ముందు ప్రభుత్వ శాఖకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. మున్సిపాలిటీకి దాని సొంత చట్టంలో వేరే గడువు ఉంటుంది, ఆ సెక్షన్ తెరిచి చదవండి. మేం ముగ్గురినీ ప్రతివాదులుగా పెడుతున్నాం. ఒక్కరిని వదిలేసినా మిగతా ఇద్దరూ తప్పు ఆ లేనివాడి మీదకు తోసేస్తారు.

వైకల్య శాతం సర్టిఫికెట్ చికిత్స పూర్తయ్యాక ప్రభుత్వ మెడికల్ బోర్డు దగ్గరే తీసుకోండి. ప్రైవేటు డాక్టర్ ఎంత బాగా రాసిచ్చినా, బోనెక్కి సాక్ష్యం చెప్పమంటే ఆ రోజు ఆయనకు తప్పకుండా ఆపరేషన్ ఉంటుంది.